గడ్డి మీద పడి, పాలలో తేలి

1957 అక్టోబరు 10న ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని విండ్‌స్కేల్‌లో, అణుబాంబులకు ప్లుటోనియం తయారుచేసే రియాక్టరులో మంటలు బయటపడ్డాయి. మర్నాడు నీళ్లు గుప్పించి ఆర్పారు. అక్కడి పొగగొట్టాల పైన జాన్ కాక్‌క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త అంతకుముందే పట్టుబట్టి వడపోతలు పెట్టించాడు. దండగ ఖర్చని అందరూ నవ్వి, వాటికి ‘కాక్‌క్రాఫ్ట్ వెర్రి’ అని పేరు పెట్టారు. ఆ వెర్రే చాలా ధూళిని ఆపింది.

రేడియోధార్మిక అయోడిన్-131 మాత్రం తప్పించుకుంది. అధికారులు సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాల అమ్మకం ఆపించి, పిండిన పాలు పిండినట్టే పారబోయించారు.

పాలే ఎందుకు? గాలిలో తేలిన అయోడిన్ గడ్డి మీద పడుతుంది. ఆవు రోజంతా ఎంతో మేర మేసి, ఆ మేరలో పడినదాన్ని పాలలోకి పోగుచేస్తుంది. పిల్లలు ఎక్కువ పాలు తాగుతారు. అయోడిన్ చేరే థైరాయిడ్ గ్రంథి వాళ్లలో చిన్నది కనుక అంతే అయోడిన్ పెద్దలకన్నా ఎక్కువ హాని చేస్తుంది. విరుగుడు కష్టమేమీ కాదు. అయోడిన్-131 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 8 రోజులే కాబట్టి, రెండు మూడు నెలలు తాజా పాలు మాన్పిస్తే చాలావరకు గండం గడిచినట్టే.

ఈ సంగతి తెలిసిన 29 ఏళ్లకు, 1986 ఏప్రిల్ 26న సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊరిని మర్నాడు మధ్యాహ్నం గానీ ఖాళీ చేయించలేదు. 28న వెయ్యి కిలోమీటర్ల అవతల, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో ఓ ఉద్యోగి బూట్లకు అంటిన ధూళి అలారం మోగించేదాకా ప్రపంచానికి కబురే లేదు. పోలండ్ ఆగలేదు. థైరాయిడ్ ముందే నిండేలా కోటిమందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ మందు తాగించింది, పసివాళ్లకు తాజా పాలకు బదులు పాలపొడి ఇప్పించింది. సోవియట్ పల్లెల్లో పిల్లలు మాత్రం ఆ పాలే తాగారు. 2005 నాటికి బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లలు, కౌమారుల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు తేలాయి. చికిత్సకు లొంగే జబ్బు కనుక మరణాలు తక్కువే. అయినా వాటిలో చాలా కేసులు రాకుండా ఆపగలిగినవే. ఇది ప్రమాదం తప్పు కాదు, దాచిపెట్టినవాళ్ల తప్పు.

చెర్నోబిల్ నుంచే వెలువడిన సీజియం-137 కథ వేరు, దాని అర్ధాయువు 30 ఏళ్లు. చెర్నోబిల్ మబ్బు వర్షంతో కురిసిన వేల్స్ కొండల్లో గొర్రెల అమ్మకంపై ఆంక్షలు 2012 దాకా నడిచాయి.

2011 మార్చి 11 సునామీకి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నాక, జపాన్ పది రోజుల్లోనే ఆ జిల్లాలో పాలు, పాలకూరల సరఫరా ఆపింది. రేడియేషన్ వల్ల స్థానికుల ఆరోగ్యం దెబ్బతిన్నట్టు ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘానికి ఆధారం దొరకలేదు. అయితే ఆస్పత్రుల్లోంచి హడావుడిగా తరలించిన వృద్ధుల్లో కొందరు దారిలోనే ప్రాణాలు విడిచారు. తరలింపు, శిబిరాల బతుకు వంటి కారణాలతో ఆ ఒక్క జిల్లాలోనే 2,000 మందికి పైగా చనిపోయారని అక్కడి ప్రభుత్వ లెక్క.