అరబ్బు–బైజాంటైన్ నౌకాయుద్ధాలు: ఈజిప్టు నావికుల పాత్ర

క్రీ.శ. 7, 8 శతాబ్దాల అరబ్బు–బైజాంటైన్ నౌకాయుద్ధాల చర్చ సాధారణంగా ‘గ్రీకు అగ్ని’ చుట్టూ తిరుగుతుంది. సిరియా నుంచి వచ్చిన కల్లినికోస్ రూపొందించాడని చెప్పే ఈ ద్రవాన్ని గొట్టాల ద్వారా శత్రునౌకలపై చిమ్మేవారు. దాని ప్రభావాన్ని కాదనలేము. అయితే అరబ్బుల ఓడలను నడిపినదెవరన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది.

మధ్యధరా సముద్రంలో అరబ్బులకు తొలుత సొంత నౌకాబలం లేదు. సముద్ర దండయాత్రకు ఖలీఫా ఉమర్ సమ్మతించలేదని అరబ్బు చరిత్రకారులు రాశారు. తరువాతి ఖలీఫా ఉస్మాన్ అనుమతితో సిరియా పాలకుడు ముఆవియా 649లో సైప్రస్‌పై దాడి చేశాడు. 655లో (654 అని కొందరి అభిప్రాయం) లైకియా తీరాన జరిగిన ‘తెరచాప స్తంభాల యుద్ధం’లో బైజాంటైన్ నౌకాదళం చిత్తుగా ఓడింది. చక్రవర్తి రెండవ కాన్‌స్టాన్స్ వేరొకరితో దుస్తులు మార్చుకొని తప్పించుకున్నాడని థియోఫనీస్ కథనం. కొద్ది ఏళ్లలోనే సాధ్యమైన ఈ విజయం వెనుక సిరియా, ఈజిప్టు రేవుల క్రైస్తవ వడ్రంగులు, నావికులు ఉన్నారు. అంతకుముందు తరం వరకు వారు బైజాంటైన్ ప్రజలే.

ఈ శ్రమను రాబట్టిన తీరు ఎగువ ఈజిప్టులోని అఫ్రోడిటో పపైరస్ పత్రాలలో కనిపిస్తుంది. 709–714 మధ్య ఈజిప్టు గవర్నరుగా ఉన్న ఖుర్రా ఇబ్న్ షరీక్ స్థానిక అధికారి బసిలియోస్‌కు రాసిన లేఖలలో ఏటేటి నౌకాదాడులకు నావికులను, పనివారిని, రొట్టెలను పంపాలన్న ఆజ్ఞలున్నాయి, ఆలస్యానికి మందలింపులున్నాయి. ఊళ్లు వదిలి పారిపోయినవారిని వెతికి పట్టుకోవాలన్న ఆదేశాలూ ఉన్నాయి. యుద్ధవర్ణనలలో ఊసైనా లేని ఈ గ్రామీణులు పన్నుల లెక్కలలో మాత్రం దొరుకుతారు. ఈ విషయంలో థియోఫనీస్ గ్రంథం కన్నా ఈ లెక్కల పత్రాలే విలువైన ఆధారం.

717లో ఆరంభమైన కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి సాయంగా మరుసటి వసంతంలో ఈజిప్టు నుంచి 400, ఆఫ్రికా నుంచి 360 ఓడలు వచ్చాయని థియోఫనీస్ రాశాడు. ఈ సంఖ్యలను యథాతథంగా స్వీకరించలేము గాని, తరువాతి ఘటన గమనార్హం. గ్రీకు అగ్నికి వెరచి ఆ ఓడలు బిథీనియా తీరాన దాగాయి. ఒక రాత్రి అందులోని ఈజిప్టు నావికులు చిన్న పడవలు దించుకొని, చక్రవర్తికి జేజేలు పలుకుతూ నగరం చేరారు. వారి ద్వారా ఓడల ఆచూకీ తెలిసిన తరువాతే మూడవ లియో అగ్నినౌకలను పంపి వాటిని నాశనం చేయించాడు.

ఈ ఫిరాయింపును కేవలం మతాభిమానంగా వ్యాఖ్యానించడం కష్టం. 451 నాటి చాల్సిడన్ మహాసభ తీర్మానాలను నిరాకరించిన కోప్టు చర్చికి కాన్‌స్టాంటినోపుల్‌తో పొసగేది కాదు. ఖుర్రా లేఖలలోని నిర్బంధ సేవే దీనికి దగ్గరి కారణమై ఉండాలి.