సయాం వెళ్లిన బండ్లు

1943 తొలి నెలల్లో మలయా రబ్బరు తోటల పక్క స్టేషన్ల నుంచి బండ్లు ఉత్తరానికి సాగాయి. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది తమిళులు. వాళ్ల మధ్యనే మన తీరం నుంచి సముద్రం దాటి వెళ్లిన తెలుగు కూలీలు, వాళ్ల కొడుకులు. రోజుకు ఒక డాలరు కూలి, మూడు నెలల పని, ఆపైన ఇల్లు. విన్న మాట అంతే. ఆ మూడు నెలలు ఎన్నటికీ ముగియలేదనీ, సయాం అడవి దాదాపు సగం మందిని తనలోనే ఉంచుకుందనీ ఇవాళ మనకు తెలుసు. ఆ బండ్లలో కూర్చున్నవాళ్లకు తెలియదు. వాళ్లను గురించి చదివే ప్రతి పుటలోనూ గుండెను పిండేది ఇదే.

వాళ్లను వెళ్లేలా చేసింది ఆకలి. జపాను సేనలు మలయాలోకి దిగగానే తోటల దొరలు దక్షిణానికి పరుగు తీశారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడింది. రబ్బరు కొనేవాడు లేడు, రంగూన్ బియ్యం రాదు. చెట్టు పాలు కార్చడానికి సిద్ధంగానే ఉంది, ఆ పాలతో ఎవరికీ పని లేదు. ముందు వెళ్లినవాళ్లు ఇష్టపడే వెళ్లారు. వెళ్లినవాళ్ల కబురు రాకపోవడంతో తక్కినవాళ్లు జంకారు. అప్పుడు మొదలయింది బలవంతం. ఉచితంగా సినిమా అని పిలిచి, హాలు నిండాక తలుపులు మూసి, అక్కడి నుంచి అటే బండెక్కించారని బతికివచ్చినవాళ్లు చెప్పారు. ఇంటి దగ్గర పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉండి ఉంటుంది.

వాళ్లతో కట్టించింది సయాం నుంచి, అంటే ఇప్పటి థాయిలాండ్ నుంచి, బర్మాకు ఒక రైలుదారి. అది కట్టకపోయినా లోకం ఆగేది కాదు. బ్రిటిష్ ఇంజనీర్లు ఎప్పుడో ఆ దారి చూసి, ఆ కొండలకూ ఆ జ్వరాలకూ దండం పెట్టి వెనుదిరిగారు. అలా వెనక్కి తగ్గడంలో ఎంత వివేకం ఉందో తరువాతి కథ చదివితేగాని తెలియదు. జపాను వెనక్కి తగ్గలేకపోయింది. 1941 డిసెంబర్ 8న థాయిలాండ్‌లో దిగింది. కొద్ది గంటల ప్రతిఘటన తరువాత ప్రధాని ఫిబున్ దారి ఇచ్చాడు, ఆ నెలలోనే పొత్తు కుదిరింది. బర్మా చేతికొచ్చింది గానీ, అక్కడి సైన్యానికి సరుకు చేరవేసే సముద్రం జలాంతర్గాములతో నిండింది. అందుకని భూమి మీద 415 కిలోమీటర్లు, సయాంలోని నాంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ దాకా, మనుషుల చేతులతో.

పని మొదలైన నెల 1942 జూన్. అదే నెలలో బ్యాంకాక్‌లో విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్ అధ్యక్షతన ఆగ్నేయాసియా భారతీయుల ప్రతినిధులు మహాసభ జరుపుకున్నారు. స్వాతంత్ర్యం గురించి తీర్మానాలు చేశారు. సభాస్థలికి కొన్ని గంటల ప్రయాణ దూరంలోని బాన్‌పాంగ్‌లో అప్పుడే రైలుదారి పనికి తెచ్చిన మొదటి యుద్ధఖైదీలు దిగుతున్నారు. తోటల కూలీల వంతు రావడానికి ఇంకా నెలలు గడువుంది. ఆ సభ పెద్దలు జపానుతో మాట్లాడగలిగిన రోజులవి. ఆ గడువు గురించి తలచుకున్నప్పుడల్లా నాకు పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. అప్పటికి ఇంకా ఎవరూ చనిపోలేదు, అంతే.

ఆ రైలుదారి మీది కాంచనబురి పట్టణంలో ఇప్పుడు ఈ చరిత్రకు మ్యూజియంలు ఉన్నాయి. ఒక బౌద్ధ విహారం ఆవరణలో వెదురుతో ఖైదీల పాకను మళ్లీ కట్టి చూపిస్తారు. ఖైదీల శ్మశానం పక్కనే థాయిలాండ్-బర్మా రైల్వే సెంటర్. ఇంకా పైకి పోతే కొండను సుత్తితో, ఉలితో చీల్చిన హెల్‌ఫైర్ పాస్. రాత్రులు వెదురు కాగడాల వెలుగులో ఆ రాయి కొట్టారు. అరవై వేల మందికి పైగా మిత్రపక్ష ఖైదీలు పనిచేస్తే పన్నెండు వేల మందికి పైగా పోయారు. వాళ్ల డైరీలున్నాయి, ఖైదీ జాక్ చాకర్ దొంగచాటుగా గీసి దాచిన బొమ్మలున్నాయి, డాక్టర్ వియరీ డన్‌లప్ రాతలున్నాయి, నదిలో పడవల మీద మందులు చేరవేసిన వర్తకుడు బూన్‌పాంగ్ కథ ఉంది. కాంచనబురి శ్మశానంలో ఆరు వేల తొమ్మిది వందలకు పైగా సమాధులు, వరుసలు తప్పకుండా. ఆ కుర్రవాళ్ల వయసులు చదువుతూ నడిస్తే ఏ దేశంవాడికైనా కళ్లు చెమరుస్తాయి. ఆ దుఃఖంలో ఎక్కువ తక్కువలు లేవు.

కానీ అదే దారి మీద రెండు లక్షల మందికి అటూ ఇటూగా ఆసియా కూలీలు పనిచేశారు: తమిళులు, తెలుగువాళ్లు, బర్మీయులు, మలయులు, జావావాళ్లు. పోయినవాళ్లు తొంభై వేల దాకా అని అంచనా. అంచనా మాత్రమే, ఎవరూ పేర్లు రాసుకోలేదు.

1943 వాన ముందే వచ్చింది. గడువులోగా పూర్తిచేయాలని తొందర, వానతో పాటు కలరా. ఖైదీల శిబిరాల్లో డాక్టర్లు ఉన్నారు. మందు లేకపోయినా కాచని నీళ్లు తాగొద్దని కట్టడి చేశారు, గిన్నెలు మరిగే నీళ్లలో ముంచనిదే అన్నం పెట్టనివ్వలేదు. కూలీ పాకల్లో ఆ మాట చెప్పేవాడు లేడు. అలసి వచ్చినవాడు ఏటికి వంగి దోసిలితో తాగాడు. పైన ఇంకో శిబిరం ఉందని, అక్కడ మనుషులు పిట్టల్లా రాలుతున్నారని అతనికి ఎవరు చెబుతారు? కట్టెలకు కొదవలేని అడవి అది. కుండెడు నీళ్లు కాచడానికి పెద్ద విద్య అక్కర్లేదు. చెప్పే మనిషి ఒకడు, కాచడానికి ఒక పూట విరామం చాలు. ఆ రెండూ దొరకలేదు. చివరికి ఖైదీల్లోని వైద్యుల్లో కొందరిని కూలీ శిబిరాలకు పంపారు. కానీ అప్పటికే జబ్బు అంతటా పాకింది, అసలు పాకలు వదిలి అడవిలోకి పారిపోయినవాళ్లు ఎంతమందో, ఎక్కడ ఒరిగారో.

1943 అక్టోబర్ 17న రెండు వైపుల పట్టాలు కొన్‌కొయితా దగ్గర కలిశాయి. కూలీలను ఇళ్లకు పంపలేదు. కట్ట తెగిన చోట మట్టి పొయ్యాలి, బాంబులు పడ్డ వంతెనలు బాగుచేయాలి, ఇంజన్లకు కట్టెలు కొట్టాలి. యుద్ధం ఆగేదాకా అక్కడే. తరువాత ఈ దారిలోని ఒక వంతెన గురించి నవల వచ్చింది, 1957లో సినిమా వచ్చింది, ఈల పాటతో సహా ప్రపంచమంతా చూసింది. అందులో మనవాళ్లు ఉన్నారని చెప్పడం కష్టం. 1990లో కాంచనబురి దగ్గర చెరకు తోటలో తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి, కూలీలవని అంచనా.

యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వారు ఆ రైలుదారిని థాయిలాండ్‌కు అమ్మారు. జపాను పొరుగు దేశాల రైల్వేల నుంచి ఊడదీసి తెచ్చిన సామానుకు ఆ డబ్బు పరిహారం. పట్టాలకు, ఇంజన్లకు లెక్క తేలింది. మలయాలో తోటల దొరలు తిరిగొచ్చారు. రబ్బరుకు మళ్లీ ధర పలికింది, చెట్లకు మళ్లీ గాట్లు పడ్డాయి. చాలా కూలీ లైన్లలో ఆ గాట్లు పెట్టే కత్తి ఇప్పుడు భర్త పోయిన ఆడవాళ్ల చేతికి, ఇంకా ఎదగని పిల్లల చేతికి వచ్చింది.