మాటలాడు యంత్రము – వైద్యము

వైద్యుడు నాడి పట్టుటకు ముందే రోగితో మాటలాడును. "ఏమి బాధ? ఎన్నాళ్ళనుండి? రాత్రి నిద్ర పట్టుచున్నదా?" అని అడుగును. రోగనిర్ణయమునకు తొలి ఆధారములు ఆ జవాబులలోనే లభించును. ఈ సంభాషణను ఒక యంత్రము జరుపగలదా? నేడు ఫోనులలో మన ప్రశ్నలకు బదులిచ్చుచున్న 'చాట్‌బాట్'లను, అనగా సంభాషణ యంత్రములను చూచి, ఇవి నిన్నమొన్నటి వింతలని విద్యార్థులు తలంపవచ్చును. కాని వీటికి ఆరు దశాబ్దముల చరిత్ర కలదు. చక్కగా మాటలాడుట వేరు, విషయము తెలిసియుండుట వేరు అని ఆ చరిత్ర మనకు బోధించుచున్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండిన జోసెఫ్ వైజెన్‌బామ్ 1964–66 సంవత్సరముల మధ్య ఒక కంప్యూటరు ప్రోగ్రామును తయారుచేసెను. బెర్నార్డ్ షా వ్రాసిన 'పిగ్మేలియన్' నాటకములో మాటతీరు మార్చుకొని గొప్పింటి స్త్రీగా చెల్లుబడియైన పూలమ్మి పేరు ఎలైజా. ఆ పేరునే ఆయన తన ప్రోగ్రామునకు పెట్టెను. అది ధరించిన పాత్రలలో 'డాక్టర్' అనునది మిక్కిలి ప్రసిద్ధి పొందెను. రోగి మాటలనే ప్రశ్నలుగా మార్చి తిరిగి అడుగు మానసిక చికిత్సకుని పాత్ర యది. అట్టి చికిత్సకుడు లోకజ్ఞాన మేమియు ప్రదర్శింప నక్కరలేదు గనుకనే వైజెన్‌బామ్ ఆ పాత్ర నెన్నుకొనెను.

ఎలైజా పనిచేయు తీరు మిక్కిలి సులభము. టైపు చేసిన వాక్యములో 'అమ్మ', 'నాన్న', 'ఎప్పుడూ' వంటి కీలకపదములకై అది వెదకును. పదము దొరికినచో, దానికై సిద్ధపరచియుంచిన అచ్చులో వాక్యమును పోసి, 'నా' అనుదానిని 'మీ' అని మార్చి తిరిగి యిచ్చును. "మా నాన్నగారంటే నాకు భయం" అని వ్రాసినచో, "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనును. కీలకపద మేదియు లేనిచో "ఊఁ, తరువాత?" అను ధోరణిలో సాగించును. నాన్న యెవరో, భయమనగా నేమో దానికి తెలియదు. పది నియమములు నల్లబల్లపై వ్రాసి, ఒక విద్యార్థిని రోగిగాను మరియొకనిని యంత్రముగాను నిలిపి, ఈ ఆటను తరగతిలోనే ఆడి చూడవచ్చును.

ఇంత స్వల్పమైన యుక్తి జనులపై చూపిన ప్రభావము మాత్రము స్వల్పము కాదు. ఆ ప్రోగ్రాము తయారగుటను నెలల తరబడి చూచిన వైజెన్‌బామ్ కార్యదర్శియే దానితో నాలుగు మాటలాడిన పిమ్మట, తమ సంభాషణ రహస్యమైనదన్నట్లు, ఆయనను గది విడిచి వెళ్ళుమని కోరెను. 1966లో కెన్నెత్ కోల్బీ యను మనోవైద్యుడు తన సహచరులతో కలసి, ఇట్టి పద్ధతిచే ఒక కంప్యూటరు గంటకు కొన్ని వందల రోగులను చూడగలదని సూచించెను. వైజెన్‌బామ్ కలత చెందెను. యంత్రము చేయగలిగినను దానికి అప్పగింపరాని పనులు కొన్ని గలవని 1976లో ఒక గ్రంథమునే ప్రకటించెను.

ఇదే కాలమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున దీనికి భిన్నమైన ప్రయత్నము జరిగెను. 1970 దశకపు తొలి సంవత్సరములలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మొదలగువారు 'మైసిన్' అను ప్రోగ్రామును నిర్మించిరి. రక్తమునకు సోకిన బాక్టీరియా ఏదో, దానికి తగిన మందేదో చెప్పుట దాని పని. "ఈ లక్షణములున్నచో ఈ బాక్టీరియా కావచ్చును" అను రూపములో నిపుణుల జ్ఞానమును కొన్ని వందల నియమములుగా అందులో పొందుపరచిరి. 1979లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 10 మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కేసులకు మైసిన్ సూచించిన చికిత్సను, వైద్యులు సూచించిన చికిత్సలను, ఏది ఎవరిదో తెలుపక 8 మంది నిపుణుల కిచ్చిరి. మైసిన్ ఆ విద్యాలయపు నిపుణులకు ఏమాత్రము తీసిపోలేదు. అయినను అది ఆసుపత్రులలో నిత్యోపయోగమునకు రాలేదు. ఒక్కొక్క రోగి వివరములను టైపు చేయుటకు అరగంటకు పైగా పట్టుచుండెను. పొరపాటు జరిగినచో బాధ్యు లెవరను ప్రశ్న కూడ మిగిలిపోయెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఏమియు తెలియని ఎలైజాకు జనులు మనసు విప్పి చెప్పుకొనిరి. ఎంతో తెలిసిన మైసిన్ ప్రయోగశాలలోనే ఉండిపోయెను. మన నమ్మకము యంత్రమునకు గల జ్ఞానమునుబట్టి కాక, దాని మాటతీరునుబట్టి కలుగుచున్నదన్నమాట.

తరువాతి కథయు దీనినే బలపరచుచున్నది. 'వోబాట్' అను చాట్‌బాట్‌ను 2017లో 70 మంది యువతీయువకులపై రెండు వారములు పరీక్షింపగా, వారిలో దిగులు లక్షణములు కొంత తగ్గినవి. దాని మాటలు మనుష్యులు ముందుగా వ్రాసియుంచినవే. 2020 మార్చిలో మన ప్రభుత్వము వాట్సాప్‌లో నడిపిన కరోనా సహాయ కేంద్రము కూడ తనకు నిర్ణయించిన ప్రశ్నలకే బదులిచ్చెను. అమెరికాలో ఆహారసంబంధమైన మానసిక వ్యాధులు గలవారికై ఏర్పరచిన 'టెస్సా' అను చాట్‌బాట్ మాత్రము బరువు తగ్గుటకు సలహాలిచ్చినందున, 2023లో దానిని నిలిపివేయవలసి వచ్చెను. ఆ రోగులకు అట్టి సలహాయే అపాయకరము.

2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ తరహా యంత్రములు వేరొక మార్గమున నడచును. అపారమైన గ్రంథరాశినుండి ఏ పదము తరువాత ఏ పదము రాదగునో అవి నేర్చుకొనును. అందుచే ఎలైజా మాటతీరును, మైసిన్ విషయసంపదను ఒకేచోట చేరినట్లు తోచును. కాని నిజమును చెప్పు ధోరణిలోనే అబద్ధమును కూడ అవి తడబాటులేక చెప్పగలవు. తప్పుడు లేక అసంపూర్ణ సమాచార మీయవచ్చునని, వైద్యులు సైతము యంత్రముపై అతిగా ఆధారపడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో హెచ్చరించినది.

అంతమాత్రమున వీటిని త్యజింపనక్కరలేదు. రాత్రివేళ వైద్యుడు అందుబాటులో లేని పల్లెలో, జ్వరము వచ్చిన బిడ్డ తల్లికి ఏ లక్షణము కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెనో సరిగా చెప్పగలిగినచో అది గొప్ప మేలే. అయితే అట్టి యంత్రమును నమ్ముటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఏ రోగుల విషయమున దీనిని పరీక్షించిరి? తనకు తెలియనప్పుడు "తెలియదు, వైద్యుని చూడుము" అని చెప్పునా? పొరపాటు జరిగినచో జవాబుదారి యెవరు? వీటికి సరియైన సమాధానములు లభించువరకు, ఎంత తీయగా మాటలాడినను, దానిని వైద్యుడని భావింపరాదు.