లాభాంశం నుంచి కప్పం దాకా: ఈస్టిండియా కంపెనీ వాటాధనం

వాటాధనం వేరు, లాభాంశం వేరు అన్నది నేటి వాణిజ్యశాస్త్ర విద్యార్థికి తొలిపాఠం. 1600లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ తొలి వాటాదారులకు ఈ భేదంతో పని లేదు. ఒక్కొక్క నౌకాయాత్రకు విడిగా చందా పోగుచేసి, తెచ్చిన సరుకు అమ్ముడైన తరువాత వచ్చినదంతా పంచుకొనేవారు. 1611లో మచిలీపట్నం చేరిన ‘గ్లోబ్’ ఓడ అటువంటి ఏడవ యాత్రది. పంపకంలో అసలెంత, లాభమెంత అని విడదీయనక్కరలేదు. యాత్రతోనే ఖాతా ముగిసేది. కాని రేవులోని గిడ్డంగి, గుమాస్తాల జీతం, నేతగాండ్రకిచ్చిన బయానా యాత్రతో ముగిసేవి కావు. వాటిని ఏ యాత్ర ఖాతాలో రాయాలన్న చిక్కు ఈ పద్ధతిలోనే ఉంది.

1657లో ఈ చిక్కు తీరింది. ఆ ఏట చందాలు 7,39,782 పౌన్లు కాగా, సగమే వసూలు చేసి దానిని శాశ్వత మూలధనంగా నిలిపారు. వైదొలగదలచిన వాటాదారు తన వాటాను ఇంకొకరికి అమ్ముకోవలసిందే. మూలధనం మాత్రం కదలదు. లాభాంశమంటే మూలధనం పోగా మిగిలినదన్న భావన దీనితోనే స్థిరపడింది. 1682లో కంపెనీ నూటికి 50 చొప్పున నగదు పంచి, దానితోపాటు సగం చెల్లించిన వాటాలను పూర్తిగా చెల్లించినట్లు జమకట్టింది. వాటాదారుల చేతినుండి చిల్లిగవ్వ రాకుండానే మూలధనం రెట్టింపయింది. నేటి పరిభాషలో ఇది బోనసు వాటా: నిలవ లాభం పద్దునుండి మూలధనం పద్దుకు మారుతుంది, వాటాదారుల మొత్తం హక్కు మాత్రం మారదు.

1765లో బెంగాల్ దివానీ లభించాక లాభాంశానికి ఆధారం వర్తకమా, శిస్తా అన్న ప్రశ్న తలెత్తింది. 1767లో వాటాదారులు నూటికి పన్నెండున్నర ప్రకటించుకోగా పార్లమెంటు అడ్డుకొని పదికి పరిమితం చేసింది. 1772 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత అది ఆరుకు దిగింది.

అసలు మలుపు 1833 శాసనం. కంపెనీ వర్తకాన్ని మానుకోవలసి వచ్చింది. లాభమన్నదే ఇక లేదు. అయినా 60 లక్షల పౌన్ల వాటాధనంపై నూటికి పదిన్నర, అంటే ఏటా 6,30,000 పౌన్లు, భారత రాజస్వంనుండి చెల్లించాలని నిర్ణయించారు. నూరు పౌన్ల వాటాను రెండువందలకు తిరిగి కొనాలన్న షరతుకు హామీగా 20 లక్షల పౌన్ల నిధిని కూడా ఏర్పరచారు. గుంటూరు సీమ నందన కరువుతో అల్లాడినది కూడా ఆ సంవత్సరాలలోనే. శిస్తు పడిపోయినా లాభాంశం పడిపోదు. నిర్ణీత ఆదాయం, హామీ, విమోచన ధర ఉన్న పత్రం నా దృష్టిలో వాటా కాదు, రుణపత్రం. ఆదాయంలో వారు రుణదాతలు. డైరెక్టర్లను ఎన్నుకొనే హక్కులో మాత్రం యజమానులుగానే మిగిలారు. ఖాతాలో ‘లాభాంశం’ అన్న పేరు ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చింది.

1858లో పాలన రాణి చేతికి పోయినా చెల్లింపు ఆగలేదు. 1834 నుండి నలభై ఏండ్లకు ఈ పద్దు కింద చేరిన మొత్తం 2 కోట్ల 52 లక్షల పౌన్లు, మూలధనానికి నాలుగు రెట్లకు పైమాట. ఈ చెల్లింపులను రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో గట్టిగా విమర్శించాడు. 1873 శాసనం ప్రకారం వాటాల విమోచన ఏర్పాటు జరిగి, 1874 జూన్ 1న కంపెనీ రద్దయింది.