కరువులో కట్టిన దేవాలయము

మహమ్మద్ నగర్ పరిసరములలోని మన సంఘస్థులకు మంజీర నదిని గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు మీదుగా మెదక్ సీమకు వచ్చి, నిజాంసాగర్‌లో నిలిచి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. ఈ నదీ ప్రాంతమున నూరేండ్ల క్రిందట రెండు గొప్ప కట్టడములు లేచినవి. ఒకటి 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఆనకట్ట. రెండవది 1914 నుండి 1924 వరకు కట్టిన మెదక్ చర్చి. ఆనకట్ట వెనుక నిజాం ప్రభుత్వ ఖజానా ఉండెను. చర్చి వెనుక ఉన్నది కరువు.

ఆ పదేండ్లు ఎటువంటివో మనము ఒకసారి తలంచుకొనవలెను. 1914లో ఐరోపాలో యుద్ధము మొదలైనది. 1918లో దేశములో చాలా భాగమున వానలు తప్పినవి. ఆ ఏడాదే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చి మన దేశములో కోటి మందికి పైగా ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. రేపు ఇంటిలో పొయ్యి వెలుగునో లేదో ఎవరికిని తెలియని కాలమది.

1895లో సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదక్‌లో స్థిరపడిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆ కాలముననే దేవాలయ నిర్మాణము చేపట్టినారు. ఆకలిగొన్నవారికి ఊరక ధర్మము చేయుటకన్న పని చూపి, పనికి ప్రతిగా అన్నము పెట్టుట మేలని ఆయన ఎంచినారు. చుట్టుప్రక్కల పల్లెలవారు వచ్చినారు. రాళ్లు మోసినారు, సున్నము నూరినారు, సాయంత్రము పిల్లలకు ఇంత తిండి తీసికొనిపోయినారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గోపురము గల ఆ ఆలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. (ఆ గోపురము చార్మినారు కన్న ఎత్తు గనుక నిజాంకు కోపము వచ్చెనని చెప్పుకొను కథల జోలికి మేము పోము.)

ఈ చరిత్రను ఎత్తి కొందరు మనలను హేళన చేయుదురు. “మీ తాతలు గంజికి కలిసినారు” అందురు. ఆ మాట విని మన యువకులు తల వంచుకొనుట మేము చూచుచున్నాము. తల వంచుకొనుట దేనికి? కూలి చేసి కూడు తినినవాడు ఎవనికిని బాకీ లేడు. పైగా ఊరి చివర నిలిపి, బావి దగ్గరకు రానీయక, వెట్టి చేయించుకొనిన లోకములో, పనికి తగిన తిండి పెట్టి పేరు పెట్టి పిలిచినవారి దేవుని ఆ పేదలు నమ్మినారంటే, వారి విశ్వాసమును తూచుటకు కడుపు నిండినవారి త్రాసు పనికిరాదు. ప్రభువు అయిదువేల మందికి రొట్టెలు పంచిన దినమున ఎవరి నమ్మకమును పరీక్షింపలేదు గదా!

యిర్మీయా ప్రవక్త సంగతి మీకు తెలియును. యెరూషలేమును బబులోను సేనలు ముట్టడించి యుండగా, తాను చెరలో ఉండి, అనాతోతులో పదునేడు తులముల వెండి తూచి ఇచ్చి పొలము కొన్నాడు. రేపో మాపో శత్రువుల పాలగు పొలము! కరువులో పునాది త్రవ్వుటయు అటువంటిదే. నిరీక్షణ అనగా మంచి కాలము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని మేము తలంచుచున్నాము.

మన నిజామాబాదు వైపే మరియొక సాక్ష్యము కలదు. 1915లో, ఆ యుద్ధకాలముననే, డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును ఆమె భర్త జార్జి కెర్ గారును డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి తెరచినారు. హిందువైన రాజా నరసాగౌడ్ గారు దానికి విరాళమిచ్చినారు. ఈ ఉపకారమును మన సంఘములు మరువరాదు. తెరచిన నాటికి ఆ రోగమును నిశ్చయముగా కుదుర్చు మందు లేదు. 1920 తరువాత హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు వచ్చినవి, 1940 తరువాత డాప్సోన్ బిళ్లలు వచ్చినవి, 1982లో పలుమందుల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. మందు దొరకిన పిమ్మట తలుపులు తెరుతమని ఆ దంపతులు కూర్చుండియుంటే ఆ రోగుల గతి ఏమి?

మెదక్ చర్చిలోని రంగుటద్దముల కిటికీలను చూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. ప్రభువు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్చబడినవి. అనగా 1924 క్రిస్మసు నాడు ఆ మూడింటిలో ఒక్కటియు లేదు. రాళ్లు మోసినవారిలో ఎందరో ఆ వెలుగును చూడకయే పోయినారు.

నేడు మన ఇండ్లలోని భయములు వేరు. వాన, వరి ధర, గల్ఫుకు పోయిన కుమారుని ఫోను, 2020లో ఈస్టరునాడు కూడ గుడి తలుపులు మూయవలసి వచ్చినప్పటి దిగులు. ఆ దినములలోను మన సంఘములలో బియ్యము మూటలు మోసినవారు ఉన్నారు.

పాస్నెట్ దొర పేరు అందరికి తెలియును. రాయి మోసిన మన అవ్వల, తాతల పేర్లు ఇండ్లలోని ముసలివారి నోళ్లలోనే మిగిలినవి. తెలిసినవారు ఊరు పేరుతో సహా ఒక కాగితము మీద వ్రాసి మీ సంఘ కాపరికి అందజేయుడి. వ్రాయుట రానివారి ఇంటికి మేమే వచ్చి వ్రాసికొందుము.