మహానవమి మల్లరంగము – పెనుగొండ యాస్థానము

మల్లులను, గాయకులను, కథకులను ఒక్క యుత్సవమునఁ బోటికి నిలిపి, గెలిచినవారికి సమానగౌరవ మొసఁగు నాచారము కేవలము నవీనమని తలంచువారు కలరు. ఫ్రెంచిభాషా వ్యవహారము గల దేశములు 1987లో క్విబెక్కునఁ గూడి నిశ్చయించి, 1989లో మొరాకోయందుఁ బ్రారంభించిన క్రీడోత్సవము దీనికి మంచి నిదర్శనము. అందుఁ గుస్తీకిని పరుగుపందెమునకును స్వర్ణపతక మెట్లో, పాటకును శిల్పమునకును నట్లే. 2023లోఁ గిన్షాసా నగరమున జరిగినది తొమ్మిదవది. ఒలింపిక్ క్రీడలయందును 1912 మొదలు 1948 వఱకుఁ గళలకుఁ బతకము లుండి, పిదపఁ దొలఁగింపఁబడెను. అట్టి కూడలి విజయనగరమున నుండెనా? ఉండినచో రాజధాని పెనుగొండకు మాఱిన పిమ్మట నేమయ్యెను?

1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుఁడు డోమింగో పేస్ మహానవమిని గన్నులారఁ జూచి వ్రాసినాఁడు. రాజసన్నిధిని నర్తకు లాడుదురు. మల్లులు బరిలోఁ దిగుదురు. వారి పోరు సుకుమారులు చూడఁదగినది కాదు. గ్రుద్దులకుఁ బండ్లు రాలును, కన్నులు పోవును, మొగములు వికృతమగును. మాటాడలేనివారిని మిత్రులు మోసికొనిపోవుదురు. అయినను బరికి నాయకులును దీర్పరులును గలరనియు, వారు మల్లుల నిరువురను సమానస్థితిని నిలిపి, గెలిచినవానికిఁ దగు గౌరవమును నిర్ణయింతురనియు నతఁడు చెప్పిన మాట ముఖ్యము. తీర్పరి యున్నచోటనే పోటి, తక్కినది వినోదము. నర్తకులనుగూర్చి వ్రాయునపు డతఁడు వారి యాభరణభారమునకే యచ్చెరువందెను. కావున నాటయుఁ గుస్తీయు నొక్క ప్రాంగణముననే యుండినను, తీర్పుమాట మల్లుల ప్రసంగముననే వచ్చినది.

కృష్ణదేవరాయలు తానే సాధకుఁడు. తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, మేనికి నూనె పట్టించి, బరువు లెత్తి, కత్తి త్రిప్పి, తన మల్లులలో నొకనితోఁ బెనఁగి, పిదప గుఱ్ఱ మెక్కువాఁడని పేస్ వ్రాఁత. ఆముక్తమాల్యద వ్రాసిన చేయియు నదియే! 1535 ప్రాంతమున వ్రాసిన న్యూనిజ్ రాజాంతఃపురమున మల్లయుద్ధము చేయు స్త్రీలును గలరనెను.

ఇఁకఁ గవులమాట. భువనవిజయమున నష్టదిగ్గజములు ఎదురెదురుగఁ గూర్చుండి పోటీపడిరను కథ నాటకమున రక్తి కట్టును గాని, చరిత్రకు నిలువదు. ఆ యెనమండ్రలోఁ బరిగణింపఁబడు రామరాజభూషణుఁడు తన వసుచరిత్రమును అంకితమిచ్చినది తిరుమలరాయలకు. కృష్ణరాయలు 1529లోఁ గీర్తిశేషుఁ డయ్యెను. తిరుమలరాయలు పెనుగొండ చేరినది 1565 నాఁటి యుద్ధము పిమ్మట. 1567లో హంపిని జూచిన ఫెడరిచి యను వెనీసు వర్తకుఁడు, రాజు పాడుపడిన నగరమును విడిచి యెనిమిదిదినముల పయనముగల పెనుగొండకుఁ దరలెనని వ్రాసినాఁడు.

పెనుగొండ యప్పటికే పాతకోట. బుక్కరాయల కుమారుఁడు విరుపణ్ణ దానిని గట్టించినట్లు 1354 నాఁటి శాసనము తెలుపుచున్నది. తిరుమలరాయలకుఁ గొండ కావలసెను, మైదానము గాదు. శ్రీరంగరాయల కాలమున బిజాపురసేన యా కోటనే ముట్టడించెను. అట్టి యాస్థానమున కావ్యమునకుఁ జోటు చాలును. ఏనుఁగులకును, గుఱ్ఱములకును, వేలకొలఁది జనమునకును వలయు మహానవమికిఁ జాలదు. వీణపైఁ బాడఁదగిన పద్యములు గల వసుచరిత్రము పెనుగొండకుఁ దక్కిన యుత్సవమనిన నతిశయోక్తి కాదు.

హిందూపురమునకుఁ జేరువనున్న లేపాక్షి నాట్యమండపమును నృత్యస్పర్ధకు సాక్ష్యముగాఁ జూపుట పొరపాటు. అచ్యుతరాయల నాఁటి యా స్తంభములపై రంభ యాడుచుండఁ దుంబురుఁడు వాయించుచున్నాఁడు, బ్రహ్మ మద్దెల పట్టినాఁడు. భృంగి మూఁడుకాళ్ళతో నడుగులు వేయుచున్నాఁడు. ఇది మేళము, పందెము గాదు. పోరు చూడఁగోరువారు పైకప్పు చిత్రములలోఁ గిరాతార్జునీయమును జూడవలెను. అచ్చటఁ బందికై కలహము. ఆ చిత్రములలోని స్త్రీల చీరలకు విచిత్రములైన యంచు లున్నవి. ధర్మవరపు పట్టునేఁతగాండ్రు తమ యంచుల కొన్నిటిని వానినుండియే గ్రహించిరని యా సీమలోఁ జెప్పుదురు.