బండి మార్చిన సారథులు

నలమహారాజు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున సారథిగా నుండిన కథ మీరెరుగనిది కాదు. అశ్వహృదయ మెరిగిన నలునకు అక్షహృదయము తెలియదు. ఋతుపర్ణునకు అక్షహృదయము తెలియునుగాని గుఱ్ఱముల మర్మము తెలియదు. ఇరువురును సమర్థులే. అయినను ఒకరి విద్య రెండవవారికి ఊరక రాలేదు; అడిగి నేర్చుకొనవలసి వచ్చెను. అమెరికా దేశపు మోటారు పందెముల చరిత్ర వినునప్పుడు నాకీ కథ జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆ పందెముల సంగతి నాకు చెప్పినవాడు మా అన్నగారి మనుమడు. అతడు ఇండియానాపోలిసు పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. బయలుదేరిన చోటికే రెండువందల మారులు తిరిగివచ్చు పరుగునకు చరిత్ర యేమిటిరా యని మొదట నేను నవ్వితిని. పిదప నా నవ్వు నాకే తప్పుగా తోచెను.

ఆ దేశమున పందెపు బండ్లు ముఖ్యముగ రెండు తెగలు. ఒకటి నాలుగు చక్రములును బయటికి కనబడుచు, పైకప్పు లేక, ఒక్కడు మాత్రమే కూర్చుండ వీలైన సన్నని బండి. దీనిని ఓపెన్ వీల్ కారందురు. రెండవది చూచుటకు వీథిలో తిరుగు కారువలెనే యుండును. దీని పేరు స్టాక్ కారు. మొదటిది సుమారు 1600 పౌండ్ల బరువు. రెండవది సుమారు 3400 పౌండ్లు. జట్కా తోలినవానిని వడ్లబస్తాలు వేసిన రెండెడ్ల బండిపై కూర్చుండబెట్టిన నెట్లుండునో ఊహింపుడు. పగ్గములు చేతికి తెలిసినవే, బాట తెలిసినదే. అయినను బండి చెప్పినమాట వినదు.

ఈ రెండు తెగలకు పుట్టినిండ్లును వేరు. మొదటిదానికి ఇండియానాపోలిసు. అచ్చట 1909లో రెండున్నర మైళ్ల చుట్టుబాటను నిర్మించి, ఆ యేడే దానిపై 32 లక్షల ఇటుకలు పరచిరి. 1911లో 500 మైళ్ల పందెము మొదలయ్యెను. రెండవది దక్షిణపు రాష్ట్రములది. అందలి తొలినాటి సారథులలో పలువురు కొండప్రాంతమున దొంగసారా కాచి, రాత్రివేళ కార్లలో చేరవేయుచు, ప్రభుత్వోద్యోగులకు చిక్కక తప్పించుకొని పారిపోవుటలో ఆరితేరినవారు. బిల్ ఫ్రాన్స్ అనునాయన వీరి పందెముల నొక క్రమమునకు తెచ్చి 1948లో నాస్కార్ అను సంస్థను స్థాపించెను. మరుసటి యేడు షార్లట్‌లో జరిగిన మొదటి పెద్ద పందెమున ముందుగా చేరినవాడు గ్లెన్ డన్నవే. అతని బండి వెనుక కమానులు సారా మోయుటకై గట్టిపరుపబడి యున్నవని కనిపెట్టి, ఆ జయమును జిమ్ రోపర్‌కు ఇచ్చివేసిరి. ఈ ముచ్చట నాకు మిక్కిలి నచ్చినది. ఇటువంటి యింటికి ఇండియానాపోలిసు వీరులు చుట్టములుగ వచ్చిరి.

వచ్చినవారిలో ఇరువురు పాతతరము మహామహులు. మారియో ఆండ్రెట్టి 1940లో ఇటలీలో జన్మించి, యుద్ధానంతరము కాందిశీకుల శిబిరమున పెరిగి, 1955లో తలిదండ్రులతో అమెరికా చేరెను. 1959లో అన్నదమ్ములిద్దరును ఒక పాత హడ్సన్ కారును పందెమునకు సిద్ధపరచి మట్టిబాటపై దిగిరి. 1965, 1966లలో అతడు ఓపెన్ వీల్ కార్ల జాతీయ విజేత. 1967 ఫిబ్రవరిలో స్టాక్ కారెక్కి, ఆ తెగకు తలమానికమైన డేటోనా 500 మైళ్ల పందెమును, 200 చుట్లలో 112 చుట్లు తానే ముందుండి గెలిచెను. ఆ బాట మలుపులు 31 డిగ్రీల వాలున గోడవలె లేచియుండును.

రెండవవాడు ఎ.జె. ఫాయిట్. ఇతడు ఇండియానాపోలిసు పందెమును నాలుగు మారులు గెలిచిన మొదటివాడు. 1965 జనవరిలో రివర్‌సైడ్‌లో స్టాక్ కారు బ్రేకులు తప్పి, గట్టుమీదినుండి పల్టీలుకొట్టి పడెను. చనిపోయెననియే చుట్టునున్నవారు తలచిరి. తోటి సారథి పార్నెల్లి జోన్స్ అతనియందు కదలికను గుర్తించి నోటిలోని మట్టి తీసెను. వెన్నెముక విరిగినవాడు నాలుగు నెలలకు, మే మాసమున, ఇండియానాపోలిసులో అందరికన్న వేగముగ నడపి మొదటివరుస మొదటిస్థానమున నిలిచెను. 1972లో డేటోనా పందెమును రెండవవానికన్న ఒక చుట్టుకు పైగా ముందుండి గెలిచెను.

వీరికి బండి మారినను చేయి ఎట్లు మారలేదు? నేను విచారించినంతలో కారణము మట్టి. ఆ కాలమున ఓపెన్ వీల్ జాతీయ పందెములలో కొన్ని మట్టిబాటలపైననే జరుగుచుండెను. మట్టిలో బండి వెనుకభాగము ప్రతి మలుపునను పక్కకు జారును. ముందుచక్రములను మలుపునకు ఎదురుదిక్కుగ త్రిప్పి, పెడలును కాలివ్రేళ్లతో తూచి త్రొక్కి, జారుడునే నడకగ చేసికొనవలెను. బరువైన స్టాక్ కారుకు కావలసినదియు సరిగా ఆ విద్యయే.

తరువాత కాలము మారినది. 1965లో స్కాట్లండువాడు జిమ్ క్లార్క్ యంత్రము వెనుకనున్న బండితో ఇండియానాపోలిసులో గెలిచెను. ఇక ముందు యంత్రము బండ్లకు దినములు తీరెను. 1970 పిమ్మట జాతీయ విజేత నిర్ణయమునుండి మట్టిబాటలను తొలగించిరి. బండ్లకు రెక్కలమర్చగా గాలియే బండిని నేలకదుమ నారంభించెను. అట్టి బండి జారదు, జారినచో ముందు చెప్పదు. మట్టిలో పెరిగిన పిల్లవానికి ఇండియానాపోలిసు తలుపు మెల్లగ మూతపడెను. ఆ యూరివారు తమ బడిని తామే మూసికొనిరని నా యభిప్రాయము.

జెఫ్ గోర్డన్ కథ ఇందుకు సాక్ష్యము. ఇతని తలిదండ్రులు పిల్లవాని పందెములకొరకే కాలిఫోర్నియా విడిచి ఇండియానా రాష్ట్రమునకు వచ్చిరి. మట్టిబాటపై చిన్నతనముననే పేరుగాంచిన యీ బాలుడు పూర్వమైనచో తిన్నగ ఇండియానాపోలిసు చేరియుండును. అతడు 1990లో దక్షిణమునకు పోయి స్టాక్ కారు నేర్చెను. 1994లో ఇండియానాపోలిసు బాటపై మొదటిసారి స్టాక్ కార్లు పరుగెత్తినప్పుడు గెలిచినవాడు, 23 ఏండ్ల యీ గోర్డనే!

1996లో ఓపెన్ వీల్ పెద్దలు తగవుపడి రెండు పక్షములుగ చీలిరి. 2008 వరకు కలియలేదు. పాలివాండ్ల తగవులో పొలము బీడుపడినట్లు చూచువారును, ధనమిచ్చు వర్తకులును స్టాక్ కార్లవైపు మరలిరి. 1997లో ఒక పక్షపు విజేతయైన టోనీ స్టువర్ట్ కూడ మరలినవాడే. ఇతడు మట్టిలో పెరిగినవాడు. అయినను అగ్రశ్రేణికి తొందరపడక, రెండవశ్రేణి పందెములలో మూడేండ్లు ఒక్క జయమును లేక ఓపికతో నేర్చెను. 1999లో అగ్రశ్రేణి చేరిన తొలియేడే మూడు పందెములు గెలిచెను. పిదప 2002, 2005, 2011లలో విజేత. 2001లో ఒక్కదినముననే ఇండియానాపోలిసులో 500 మైళ్లు, షార్లట్‌లో 600 మైళ్లు నడపి, అచ్చట ఆరవవాడుగను, ఇచ్చట మూడవవాడుగను చేరెను.

మట్టి నెరుగక వచ్చినవారి సంగతి వేరు. సామ్ హోర్నిష్ మూడు మారులు ఓపెన్ వీల్ విజేత, 2006లో ఇండియానాపోలిసు గెలిచినవాడు. స్టాక్ కార్ల అగ్రశ్రేణిలో ఒక్క జయమును దొరకలేదు. డారియో ఫ్రాంకిట్టి 2007లో రెండు కీర్తులును పొంది, 2008లో మారి, చీలమండ విరుగగొట్టుకొనెను. ధనమిచ్చువారు లేక జులైలోనే అతని బండి నిలిచిపోయెను. తిరిగి పాతబండి నెక్కి 2009, 2010, 2011లలో వరుసగ విజేత యయ్యెను. వీని ఓటమిని చేతగానితన మందుమా?

నేను పాతపద్ధతిలో కావ్యములు, వ్యాకరణము చదివినవాడను. ఏబదియవ పడిలో నన్ను కంప్యూటరు నేర్చుకొమ్మని శిక్షణకు పంపగా, నా పూర్వశిష్యుడే గురువై యుండుట చూచి వెనుకబల్లపై కూర్చుంటిని. ‘ఎలుక’ను పట్టుకొన్న నా చేయి వణకెను. వాడు నవ్వలేదు. అందుకు వానికి నేటికిని కృతజ్ఞుడను. నాకు వణకినది చేయి మాత్రమే. ఆ సారథులు గంటకు 180 మైళ్ల వేగమున, గోడ ప్రక్కన, లక్షమంది యెదుట వణకిరి.

హువాన్ పాబ్లో మోంటోయా కొలంబియా దేశీయుడు. 2000లో మొదటి ప్రయత్నముననే ఇండియానాపోలిసు గెలిచి, పిదప ఫార్ములా వన్‌లో ఏడు పందెములు గెలిచి, 2006లో దానిని విడిచి స్టాక్ కార్లకు వచ్చెను. ఏడేండ్లు నడపి రెండే గెలిచెను. రెండును కుడియెడమల వంకరలు తిరుగు బాటలమీదనే. గుండ్రని బాటమీద ఒకటియు లేదు. 2009లో ఇండియానాపోలిసులో 160 చుట్లలో 116 చుట్లు ముందుండి, పెట్రోలు పోసికొను సందులో వేగము మించెనని దండన పడగా పదునొకండవ వాడయ్యెను. 2012లో డేటోనాలో అతని బండి బాటను ఆరబెట్టు యంత్రమును ఢీకొనగా పెద్దమంట లేచెను. ప్రాణము దక్కినది.

2014లో అతడు ఓపెన్ వీల్ కారునకు మరలివచ్చెను. మరుసటి యేటి ఇండియానాపోలిసు పందెమున, ఆరంభముననే వెనుకనుండి మరొక బండి తగిలి, బాగుచేయించుకొనుటలో ముప్పదవ స్థానమునకు జారెను. అచ్చటనుండి ఒక్కొక్కరిని దాటుచు వచ్చి, చివరకు సెకనులో పదియవవంతు ముందుగ గీత దాటెను. మొదటి గెలుపునకును దీనికిని నడుమ పదునైదేండ్లు. అప్పటికతని వయసు ముప్పదితొమ్మిది.